చంక కింద మూడు కుట్లు

సిరిసిల్ల,
గురువారం పొద్దున.

నా తోడబుట్టిన తమ్ముడు మల్లేశానికి, నిన్ను చంకనెత్తుకుని తిప్పిన అక్క రాజవ్వ దీవించి, చెప్పి రాయించిన ఉత్తరం. నేనిక్కడ కాళ్ళూ చేతులూ ఆడుతూ, కళ్ళు రెండూ కనబడుతూ బాగానే ఉన్నాను. అక్కడ నువ్వూ, మరదలు లక్ష్మీ, ముత్యంపేటలో మన చిన్నమ్మా ఎట్లా ఉన్నారు? చిన్నమ్మ మోకాళ్ళకు ఆముదం రాస్తున్నారా, మానేశారా? నీ షుగరు మాత్రలు వేళకు వేసుకుంటున్నావా? లక్ష్మి అడిగితే వేసుకున్నానంటావు. నేను అడిగితే మాత్రం నిజం రాయి.

కళ్ళు రెండూ కనబడుతూ అని ఎందుకు రాయించానో నీకు తెలుసు. తెలియనట్టు ఉంటే కిందికి చదువు.

ఫోను ఉండగా ఉత్తరమెందుకు అంటావు. ఫోనులో నువ్వే మాట్లాడతావు. అన్నేళ్ళు దుబాయి నుంచి మాట్లాడీ మాట్లాడీ, అవతలివాళ్ళు చెప్పేది వినకుండా మాట్లాడడం నీకు అలవాటైంది. కాగితానికి నువ్వు అడ్డం రాలేవు. మధ్యలో కోసేయలేవు. అందుకే రాయిస్తున్నాను.

రాస్తున్నది నేను అద్దెకుండే ఇంటామె, భాగ్యలక్ష్మి. పదో తరగతి దాకా చదివింది. నేను చెప్పింది చెప్పినట్టే రాయమన్నాను. వినలేదు. "ఉత్తరమంటె ఉత్తరం లెక్క ఉండాలె పెద్దవ్వా" అని తన బడి భాషలో రాస్తోంది. భాష ఆమెది, పంచాయితీ నాది. వీళ్ళ ముందరి గదిలో నాలుగు మరమగ్గాలున్నాయి. ఇప్పుడు కరెంటు పోయి అవి ఆగాయి కాబట్టి ఒకరి మాట ఒకరికి వినబడుతోంది. కరెంటు వచ్చేలోపల చెప్పవలసిందంతా చెప్పాలి.

ముందు ఇక్కడి సంగతులు. వచ్చి ఐదు నెలలైంది. ఎండ మన కోరుట్లలో ఉన్నంతే ఉంది, కాకపోతే మా బట్టలు కుట్టే కంపెనీ రేకుల షెడ్డు కింద దానికి తోడు ఇంకో ఎండ ఉంటుంది. పొద్దున్నే కంపెనీ బస్సు మా గల్లీ చివర ఆగుతుంది. మధ్యాహ్నం తిండి అక్కడే పెడతారు. అన్నం మెత్తగా, పప్పు నీళ్ళగా ఉంటుంది. గట్క తిన్న నోటికి అది తిన్నట్టే ఉండదు. ఆదివారం ఒక్కపూట మక్క గట్క వండుకుని చల్ల పోసుకుని తింటాను. మామిడికాయ తొక్కు అడుగంటింది. కిందటిసారి లక్ష్మి పెట్టినదాంట్లో ఉప్పు పిడికెడు ఎక్కువైంది. అయినా పంపమను.

ఒక్కదానివే ఉంటే తోస్తుందా అని లక్ష్మి అడిగింది. మొదటి వారం ఈ మగ్గాల చప్పుడుకు తల పగిలింది. ఇప్పుడు అది ఆగితేనే తోచదు. కరెంటు పోగానే ఇంట్లోంచి పదిమంది లేచి వెళ్ళిపోయినట్టుంటుంది. అంతకు మించి చెప్పుకునేది ఏమీ లేదు. ఆరోగ్యం బాగుంది. మళ్ళీ చెబుతున్నాను, బాగుంది.

ఎందుకు వచ్చానో నీకు తెలుసు. అయినా ప్రతిసారీ కొత్తగా అడుగుతావు. చక్కెర ఫ్యాక్టరీకి పోయే కూలీల ఖాకీ నిక్కర్లు మన వాకిట్లో నా కాలి మిషను మీద గుట్టలుగా పడి ఉన్న రోజులు నువ్వు చూశావు. తర్వాత అందరూ రెడీమేడు కొనడం మొదలుపెట్టారు. ఒక రోజు పొద్దున లేచి చూస్తే నువ్వు నా మిషను మీద బియ్యం బస్తా పెట్టావు. తడి తగలకుండా ఎత్తులో పెట్టానన్నావు. ఆ రోజే పోవాలని అనుకున్నాను. నువ్వు అన్నం పెట్టవని కాదు. రెండు పూటలా పెట్టావు, లక్ష్మి ముఖం చిట్లించకుండా వడ్డించింది. నా చేతులకు పని లేదు, అంతే.

ఇక అసలు సంగతి. ఈ నెల కంపెనీలో జరిగినదాన్ని నువ్వు సగం విన్నావు. విన్న సగానికి నువ్వే తీర్పు చెప్పావు. మొత్తం నేను చెబుతాను.

నా వయసు చూసి కంపెనీవాళ్ళు నాకు మిషను ఇవ్వలేదు. చివరి బల్ల దగ్గర కూర్చోబెట్టి, చిన్న కత్తెర ఒకటీ, చేతి సూది ఒకటీ ఇచ్చారు. కుట్టి వచ్చిన ప్రతి బట్టకూ వేలాడే దారాలు కత్తిరించాలి. ఎక్కడైనా కుట్టు విప్పుకుని ఉంటే సూదితో వేయాలి. మేనేజరు సారు మొదటి రోజే నాతో అన్న మాట: "అవ్వా, నీ బల్ల దాటినంక ఒక్క దారం సుత వేలాడొద్దు." ఈ మాట గుర్తు పెట్టుకో. తర్వాత పనికొస్తుంది.

పైగా నాకు కుట్టుపని నేర్పిన, మేర దర్జీల ఇంటి నర్సవ్వ పద్ధతి ఒకటుంది. జేబు అతకమని ఎవరైనా బట్ట ఇస్తే, ఆమె జేబు అతికి, మిగతా బట్టంతా తిప్పి చూసేది. ఎక్కడ కుట్టు వదిలినా వేసేది. ఇచ్చినవాళ్ళను అడిగేది కాదు, వేశానని చెప్పేదీ కాదు. నేను నలభై ఏళ్ళు అదే చేశాను. నీ బడి నిక్కర్లకు కూడా చేశాను.

కిందటి నెల జీన్సు బట్ట కోట్ల ఆర్డరు వచ్చింది. కొనేవాళ్ళ తరఫున బెంగళూరు నుంచి ఒక మేడం వచ్చింది. మన తెలుగు పిల్లే. తెల్లగుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టి ఒక పాత కోటు తెచ్చింది. దాన్ని చూసి అలాంటివే కొత్తవి కుట్టాలి. ఆ కోటు ఏమిటో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. నీకు ముందే చెబుతాను, లేకపోతే తలా తోకా తెలియదు.

మన తాతల కాలంలో ప్రపంచ యుద్ధం జరిగింది కదా. అప్పుడు అమెరికాలో పనివాళ్ళ కోసం కుట్టిన కోటు అది. యుద్ధానికి బట్ట కావాలి, దారం కావాలి, ఇనుమూ ఇత్తడీ కావాలి. అందుకని పనివాళ్ళ బట్టల్లో అన్నీ తగ్గించారట. గుండీలు తగ్గించారు. జేబు మీద మూత తీసేశారు. ప్యాంట్ల వెనక జేబు మీద ఉండే అలంకారపు కుట్టు దండగని మానిపించి, దాని బదులు రంగుతో గీశారట. మన గడపలకు పసుపు బదులు పసుపు రంగు పెయింటు వేసినట్టు. చేయి తిరిగిన కుట్టువాళ్ళు వేరే పనులకు పోయారు, కొత్తవాళ్ళు వచ్చి మిషన్ల ముందు కూర్చున్నారు. అందుకే ఆ కాలపు బట్టల్లో జేబులు ఒకటి పైకీ ఒకటి కిందికీ ఉంటాయి. దారం మధ్యలో రంగు మారుతుంది. కుట్లు తప్పుతాయి. ఇప్పుడు ఆ తప్పులకే విలువ. జపానులోనూ ఇంకెక్కడెక్కడో అలాంటి కోట్లు మళ్ళీ కొత్త బట్టతో కుట్టించుకుంటారట, తప్పులతో సహా.

నేను ఇది విని నవ్వలేదు. దుబాయి ఎడారిలో మంచు మీద జారే ఆట పెట్టారని నువ్వు చెప్పినప్పుడూ నవ్వలేదు. ఎవరి సోకు వాళ్ళది.

ఆ కోటును పద్మకు అప్పజెప్పారు. పద్మది వీర్నపల్లి. నలభై ఏళ్ళుంటాయి. మొదటి నమూనా ఎప్పుడూ ఆమే కుడుతుంది. ఆమెను మించిన చేయి మా షెడ్డులో లేదు. కోటు తన దగ్గర ఉన్నట్టు పుస్తకంలో సంతకం పెట్టింది.

ఒక రోజు మధ్యాహ్నం గంట కొట్టారు. పద్మ మిషను మీద నూనె పడి ఉంది. కోటుకు నూనె అంటుతుందని దాన్ని నా బల్ల మీద పెట్టి చేతులు కడుక్కుని అన్నం తినడానికి పోయింది. నేను అప్పుడు అక్కడ లేను. నాకు చెప్పే అవకాశం ఆమెకు లేదు. నేను రెండు ముద్దలు తిని తొందరగా తిరిగి వచ్చాను. బల్ల మీద కోటు ఉంది. మోచేతులు అరిగి తెల్లబడ్డాయి, కాలరు మాసింది. కంపెనీ బస్సు డ్రైవరుదో ఎవరిదో, కుట్టమని పెట్టి పోయారనుకున్నాను. తిప్పి చూశాను. ఎడమ చంక కింద మూడు కుట్లు లేవు. అక్కడే జానెడు దారం వేలాడుతోంది.

దారం కత్తిరించాను. మూడు కుట్లు వేశాను. పాత రంధ్రాలు అలాగే ఉన్నాయి, వాటిలోంచే సూది పోనిచ్చాను. కొత్త రంధ్రం ఒక్కటి కూడా పడలేదు. కత్తిరించిన దారాన్ని పారేయలేదు. జానెడు దారం నేను ఎప్పుడూ పారేయను. నా గాజులకు వేలాడే పిన్నీసు ఉంది కదా, దానికి చుట్టి పెట్టుకున్నాను. ఈలోగా పద్మ వచ్చి కోటు తీసుకుపోయింది. నేను చెప్పలేదు, ఆమె అడగలేదు. పని ఎంత శుభ్రంగా కుదిరిందంటే ఆమె కంటికే ఆనలేదు.

పద్మ ఆ కోటును చూసి నమూనా కుట్టింది. వారం తర్వాత మేడం వచ్చింది. తన దగ్గర కోటు ఫోటోలున్నాయి. ఏ తప్పు ఎక్కడుందో అన్నీ తీసి పెట్టుకుంది. ఎడమ చంక దగ్గరికి వచ్చి ఆగింది. ఫోటోలో మూడు కుట్లు లేవు. నమూనాలో ఉన్నాయి. పాత కోటు తెప్పించి చూసింది. అందులోనూ ఉన్నాయి.

మేనేజరు ముఖం నల్లబడింది. షెడ్డంతా మిషన్లు ఆపించాడు. పద్మను నిలబెట్టాడు. "కోటు నీ చేతులనే ఉండె గద. సంతకం నీదే గద. ఎవరు ముట్టిండ్రు?" అని అడిగాడు. పద్మకు నిజంగానే తెలియదు. మెడలో ఉన్న కంపెనీ కార్డు తీసి బల్ల మీద పెట్టమన్నాడు. ఆమె తీస్తుంటే తాడు జడకు చిక్కుకుంది.

నేను లేచి నిలబడ్డాను. "సారూ, ఆమెను ఇడువుండ్రి. గా చంక కింద నేను కుట్టిన."

"నువ్వెందుకు కుట్టినవ్ అవ్వా?"

"ఇప్పుకోని ఉండె. కుట్టిన. ఇప్పుకున్న బట్ట కుట్టకుంట ఏం జేస్తరు, పూజ జేస్తరా?"

ఎవరో వెనక కిసుక్కున నవ్వారు. మేడం మాత్రం నవ్వలేదు. "వాళ్ళు దాదాపు పూజే చేస్తారమ్మా," అంది.

నా కుట్టు నేనే విప్పుతానన్నాను. మేడం నా పక్కన నిలబడి చూసింది. మూడు కుట్లూ విప్పాను. పిన్నీసుకు చుట్టిన దారం తీసి చేతికిచ్చాను. దాన్ని అతికించడానికి లేదు. తెగింది తెగినట్టే. చిన్న కవరులో పెట్టుకుంది. నష్టం ఏమీ జరగలేదని నేను చెప్పను. జరిగింది. అది నావల్ల జరిగింది. పద్మ వల్ల కాదు.

మేడం అప్పుడు ఒక మాట అడిగింది. అసలు ఈ కుట్లు ఎందుకు తప్పి ఉంటాయంటావు అని. నేను కోటును వెలుతురుకు పట్టి చూశాను. నువ్వు పేపరు చదివినట్టు నేను కుట్టు చదువుతాను. నాకు అక్షరాలు రావు, ఇది వచ్చు. చంక కుట్టినామెకు పని వచ్చు. అక్కడ దారం తెగింది. వెనక్కి వచ్చి దాని మీద నుంచి కుట్టాలని ఆమెకు తెలుసు. కానీ తీరిక లేదు, ఎవరో తరుముతున్నారు. ముందుకే పోయింది. అక్కడి నుంచి దారం రంగు కూడా వేరు. జేబు కుట్టినామె ఇంకొకతె. ఆమెకు పని కొత్త. మూల తిప్పే ప్రతిచోటా ఆగింది, భయపడింది, సూదిని రెండుసార్లు దించింది. ఇదంతా చెప్పాను. మేడం నా మాటలు ఫోనులో రికార్డు చేసుకుంది. తర్వాత హైదరాబాదు పోవాలని కారెక్కి వెళ్ళిపోయింది.

ఇక్కడిదాకా నా తప్పు. ఇక్కడి నుంచి నీది.

మేడం వెళ్ళాక మేనేజరు నా కాగితంలో ఉన్న నీ నంబరుకు ఫోను చేశాడు. స్పీకరు పెట్టాడు. మిషన్లు ఇంకా ఆగి ఉన్నాయి. షెడ్డంతా విన్నది. నువ్వు ఏమన్నావో నీకు గుర్తుందా? నాకుంది. "మా అక్కకు సూపు ఆనది సార్. ముసల్ది, తెల్వక జేసింది. మాఫ్ జేయుండ్రి. ఆదివారం వచ్చి తోల్కపోత."

ఒక్కసారి కూడా అక్కకు ఫోను ఇవ్వండి అనలేదు.

మేనేజరుకు ప్రాణం లేచి వచ్చింది. అతనికి కావలసింది ఒక కారణం. చూపు లోపం వల్ల జరిగింది అని రాసుకున్నాడు. పద్మ కార్డు పద్మకు తిరిగి ఇచ్చాడు. అందుకు నాకు సంతోషమే. నన్ను మాత్రం రేపటి నుంచి రావద్దన్నాడు. చూపు ఆనని మనిషిని సూదీ కత్తెరా ఉన్నచోట కూర్చోబెట్టడానికి కుదరదట. నిన్న, మొన్న కంపెనీ బస్సు గల్లీ చివర ఆగి, నేను ఎక్కకుండానే వెళ్ళిపోయింది.

తమ్మీ, ఆలోచించు. నాకు చూపు లేకపోతే ఆ మూడు కుట్లు నాకు కనబడేవే కావు. కోటు కోటులాగే ఉండేది. కనబడ్డాయి కాబట్టే వేశాను. నేను చేసింది తప్పే. కానీ ఆ తప్పు చేయడానికి కళ్ళుండాలి. రెండేళ్ళ కింద జగిత్యాల తీసుకుపోయి రెండు కళ్ళకూ ఆపరేషను చేయించింది నువ్వే. పచ్చగుడ్డ కట్టి ఆటోలో తెచ్చింది నువ్వే. గుడ్డ విప్పిన రోజు నీ చొక్కా రెండో గుండీ వేరే దారంతో కుట్టి ఉందని చెప్పాను. లక్ష్మి నవ్వింది. అది కూడా మరిచిపోయావా?

మొన్న సాయంత్రం పద్మ ఇక్కడికి వచ్చింది. ఇంకో కష్టం వచ్చిపడింది. ఆ తప్పులు కావాలని కుట్టడం ఎవరి వల్లా కావడం లేదట. ఎక్కడ తప్పాలో సుద్దతో గీసి ఇచ్చారు. గీత ప్రకారం వంకర కుట్టారు. ఒకటి తెచ్చి చూపించింది. చూడగానే తెలిసిపోయింది. చావింటి వాకిలి దాకా కబుర్లు చెప్పుకుంటూ వచ్చి, గడప దగ్గర గొంతెత్తే ఏడుపు ఉంటుంది చూడు, అట్లా ఉంది ఆ వంకర.

"కాలరు కుట్టెటామెను జేబుల కాడ కూసోబెట్టు," అని చెప్పాను. "జేబులు కుట్టెటామెను చేతుల కాడ కూసోబెట్టు. సుద్దగీతలు తుడిపెయ్యి. తొందరగ కుట్టుమను. దారం తెగితె ఎనుకకు రావొద్దను. ఇంకేం జెప్పకు."

"మరి వంకర కుట్టుమనద్దా?"

"మంచిగ కుట్టుమను. వాళ్ళు మంచిగ కుడుదామనే జూస్తరు. కుదరది. గా కోటు గట్లనే పుట్టింది బిడ్డా."

నిన్న అట్లాగే చేశారు. నిన్న సాయంత్రం పద్మ ఫోను చేసి చెప్పింది. ఫోటో పంపితే మేడం ఇదే కావాలన్నదట. ఎవరు చెప్పారని అడిగిందట. పద్మ నా పేరు చెప్పింది. సోమవారం వస్తున్నాను, ఆ పెద్దావిడను నా పక్కన కూర్చోబెట్టండి, ప్రతి కోటూ ఆమే చూసి పంపాలి అని మేడం అంటే, మేనేజరు ఏం చెప్పాడో తెలుసా? ఆమెకు చూపు లేదు మేడం, వాళ్ళ తమ్ముడే స్వయంగా చెప్పాడు అన్నాడట.

స్వయంగా. ఆ మాట పద్మ రెండుసార్లు చెప్పింది.

నా పని పోయింది నీ మాటతో. అది తిరిగి వచ్చేది కూడా నీ మాటతోనే. నేను చెబితే మేనేజరు నమ్మడు. సూదిలో దారం ఎక్కించి చూపించవ్వా అన్నాడు. చూపించలేదు. నలభై ఏళ్ళు కుట్టిన మనిషిని నేను, అందరి ముందు ఆట ఆడి చూపించను.

కాబట్టి ఆదివారం రా. మానవద్దు. కానీ బండి మాట్లాడుకుని, నా మూటలు కట్టించుకుని పోవడానికి రావద్దు. వచ్చి రాత్రికి ఉండు. భాగ్యలక్ష్మి వాళ్ళ ముందర గదిలో పక్క వేస్తానన్నది. మగ్గాల చప్పుడుకు నిద్ర పట్టదు, ఒక్కరోజు ఓర్చుకో. సోమవారం పొద్దున నాతో కంపెనీకి వచ్చి, మేనేజరు ముందు, మేడం ముందు, ఆ షెడ్డంతా వినేటట్టు, మా అక్కకు చూపుంది, నేను తెలియక అన్నాను అని చెప్పు. అంతే. మాఫీ అడగవద్దు. నాకోసం మాఫీ అడగమని నేను నీకు చెప్పలేదు.

ఇంకొకటి. వచ్చేటప్పుడు నీ పాత జీన్సు ప్యాంటు పట్టుకురా. మొదటిసారి దుబాయి పోయినప్పుడు వేసుకున్నది. అటక మీద నీలం సూట్‌కేసులో ఉంది. లక్ష్మి పాతబట్టల వాళ్ళకు వేయబోతే నేనే తీసి అందులో పెట్టాను.

దాని నడుం లోపల పాసుపోర్టు పెట్టుకోవడానికి నేను జేబు కుట్టాను. దుబాయి చేరి నువ్వు రాసిన మొదటి ఉత్తరంలో, క్షేమం తర్వాత రెండో మాట అదే: "అక్కా, జేబు మొత్తం వంకర కుట్టినవ్. నీకు సూపు మందగించిందా ఏంది?" పక్కింటామె చదివి వినిపించింది. అప్పటి నుంచి అన్నంలో రాయి వచ్చినా, కూరలో ఉప్పు ఎక్కువైనా, అక్క సూపు అని నవ్వడం మన ఇంట్లో మొదలైంది. మొన్న నువ్వు మేనేజరుతో అన్నది ఆ రోజు మొదలుపెట్టిన మాటే. నేను ఎప్పుడూ బదులు చెప్పలేదు. చెప్పవలసినంత సంగతి కాదనుకున్నాను. ఇప్పుడు చెబుతాను.

నువ్వు దుబాయికి బయలుదేరిన రోజు తెల్లవారగానే ఏజెంటు మనుషులతో జీపులో జగిత్యాల వెళ్ళిపోయావు. కాగితాలు అక్కడే ఇస్తామన్నారు, అక్కడి నుంచే బొంబాయి బస్సు. నీ బ్యాగు నేను తేవాలి. ప్యాంటు కొన్నది ఆ ముందు రోజు సాయంత్రం. జేబు కుడదామని పొద్దున కూర్చుంటే నా మిషను పట్టా తెగింది. చేత్తో కుట్టడానికి ఇంట్లో ఉంటే బస్సు పోతుంది. ప్యాంటు, సూది, దారం తీసుకుని కోరుట్లలో బస్సెక్కాను. సీటు దొరకలేదు. వెనక చక్రం మీద ఎత్తుగా ఉండే చోట నీ బ్యాగు మీదే కూర్చున్నాను. జీన్సు గుడ్డ మందం, సూది దిగదు. బస్సు ఎగిరినప్పుడల్లా సూది ఒకచోటికి పోవలసింది ఇంకోచోటికి పోయింది. రెండుసార్లు బొటనవేలిలోకి పోయింది. జగిత్యాల బస్టాండులో బస్సు ఆగేసరికి ఆఖరి ముడి వేశాను. నువ్వు పరుగెత్తుకుంటూ వచ్చి బ్యాగు తీసుకున్నావు. మళ్ళీ మూడేళ్ళకు చూశాను నిన్ను.

ఆ జేబు చుట్టూ ఉన్నది నా చూపు కాదు. కోరుట్ల నుంచి జగిత్యాల దాకా రోడ్డు. మేడానికి దాన్ని చూపించు. ఆమె చదవగలదు.

ప్యాంటును ఉతికించవద్దు. వంకరగా ఉందని లక్ష్మి కుట్టు విప్పి సరిచేస్తానంటుంది, చేయనివ్వవద్దు.

ఈ ఉత్తరం పోస్టులో వేస్తే ఆదివారానికి అందుతుందో లేదో. భాగ్యలక్ష్మి మరిది రేపు కోరుట్లకు చీరల మూట తీసుకుపోతున్నాడు. అతని చేతికి ఇస్తున్నాను. ఇంటికి వస్తే చాయ్ పోసి పంపండి. నా పెద్ద కత్తెర, తొక్కు, చలికాలం రగ్గు తీసుకురా. కత్తెర పదును పెట్టించవద్దు, వాళ్ళు పాడుచేస్తారు. నా మిషను మీది బియ్యం బస్తా దించు. నేను వచ్చి వాడతానని కాదు. దించు.

ముత్యంపేట పోయినప్పుడు చిన్నమ్మ కాళ్ళకు నా బదులు మొక్కు. మన ఇంట్లో నాకు దీవెన ఇవ్వగల పెద్దదిక్కు ఆమె ఒక్కతే మిగిలింది. నా పనీ నా కళ్ళూ నాకు ఉండాలని దీవించమను. నీకూ లక్ష్మికీ నా దీవెనలు. వాడకట్టులో పెద్దలందరికీ రాజవ్వ శనార్థులు చెప్పిందని చెప్పు. నా మీద కోపం వస్తే ఆదివారం దాకా ఆపుకో. ఇక్కడికి వచ్చాక పోట్లాడుకుందాం.

చెప్పినది మీ అక్క రాజవ్వ. రాసినది భాగ్యలక్ష్మి.

భాగ్యలక్ష్మి నిశానీ వేయమని సిరా పెట్టె తెచ్చింది. వద్దన్నాను. వేలిముద్ర చూపు లేనివాళ్ళు కూడా వేయగలరు. దాని బదులు ఈ కాగితం అడుగున నీలం దారంతో జానెడు కుట్టు వేశాను. సూదిలో దారం నేనే ఎక్కించాను. నీ కళ్ళద్దాలు పెట్టుకుని చూడు. కుట్టుకూ కుట్టుకూ మధ్య ఎడం కొలిచి చూడు. చివరికి వస్తుండగా కరెంటు వచ్చింది, నాలుగు మగ్గాలూ ఒక్కసారి కదిలాయి, బల్ల అదిరింది. ఆఖరి నుంచి మూడో కుట్టు పక్కకు పోయింది. విప్పుదామని సూది మొన పెట్టాను. మళ్ళీ తీసేశాను. అది అట్లానే ఉంది.